తలకట్టు లేని మాట

1988 జూలై 14, గురువారం. ఆ రోజు మేం తిన్నది సర్వపిండి.

హనుమకొండ చౌరస్తా దగ్గర మేడ మీద ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. బయట వాన పడుతోంది, కరెంటు పోయింది. టైపు మిషన్‌కు కరెంటుతో పని లేదు గానీ కాగితం మీది అక్షరం కనబడాలి కదా. రాజేశ్వర్ రావు సార్ "జర ఆగుండ్రి" అన్నారు. తొమ్మిది మిషన్లు ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నా పక్క మిషన్ మీది అమ్మాయి స్టీలు డబ్బా మూత తీసింది. పల్లీలు, నువ్వులు, ఉల్లాకు వాసన. లోపలి బియ్యప్పిండి రొట్టెను సగం విరిచి నా వైపు జరిపింది.

"సర్వపిండా?" అన్నాను.

"గిన్నప్ప" అంది.

"మా దిక్కు సర్వపిండి అంటం."

"మీ దిక్కు మీరేమన్న అనుకోండ్రి. దీన్ని చేసింది మా అమ్మ. మా అమ్మ దీన్ని గిన్నప్ప అంటది."

ఆ అమ్మాయి పేరు రెబెకా. నర్సంపేట నుంచి రోజూ బస్సులో వచ్చి తెలుగు టైపు లోయర్ పరీక్షకు నేర్చుకునేది. రెండేళ్ళ తర్వాత మా పెళ్ళయింది. సర్వపిండా, గిన్నప్పా అన్న వాదన మాత్రం ముప్పై ఐదేళ్ళు నడిచింది. తీర్పు రాకముందే వాది వెళ్ళిపోయింది.

ఈ పాత కథలో పడి, ఇవాళ మా ఇంటికొచ్చిన ఉప్పలయ్యను గుమ్మంలోనే నిలబెట్టి ఆపేశాను. పాపం, ఆయన ఇంకా చెప్పులు కూడా విడవలేదు. లోపలికి పిలుస్తాను.

వర్ధన్నపేట అవతలి ఊరు ఆయనది. రెండెకరాల వరి, అన్నతో ఉమ్మడి బావి. 2011లో అన్న కట్టయ్య, తమ్ముడు ఉప్పలయ్య పొలం పంచుకుని, బావి నీళ్ళు రోజు మార్చి రోజు పెట్టుకుందామని ఒప్పందం రాసుకున్నారు. ఆ ఒప్పందాన్ని సుబేదారిలో మా ఇంటి ముందు గదిలో, తన డీటీపీ దుకాణంలో కూర్చుని కొట్టిచ్చింది రెబెకా. ఉన్నది ఒక్కటే కాగితం. దాన్ని ఉప్పలయ్య దూలం సందులో దాచాడు. మొన్న తీసి చూస్తే చెదలు తినగా మిగిలింది అరచేయంత.

సంక్రాంతి దాటాక వాళ్ళమ్మ చనిపోయింది. నెల మాసికం కాగానే కట్టయ్య మోటారు గదికి తాళం వేశాడు. "అమ్మ ఉన్నన్ని రోజులే నీకు నీళ్ళు అని రాసుకున్నం, ఇగ అయిపోయింది" అన్నాడట. "బాయి ఉన్నన్ని రోజులని రాసుకున్నం" అన్నాడు ఉప్పలయ్య. అమ్మ అన్న మాటా, బాయి అన్న మాటా? సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరూ ఇప్పుడు లేరు. పెద్దమనుషుల ముందు కట్టయ్య ఒక్క మాటకు దిగాడు. "సంతకాలు లేకున్నా మంచిదే. రెబెకమ్మ కొట్టిన అక్షరం చూపియ్యి. ఆమె ఏమని కొట్టిందో అట్లనే వింట."

రేపు పొద్దున తొమ్మిది గంటలకు మళ్ళీ కూర్చుంటారు. వరి పొట్ట మీద ఉంది. నాలుగు రోజులుగా తడి లేదు.

"ఆమె అందరి కాగితాలు దాచేది గద సారు" అన్నాడు ఉప్పలయ్య, గుమ్మం లోపల గోడకు ఆనుకుని కూర్చుంటూ. కుర్చీ వేస్తే వద్దన్నాడు. "మాది గూడ ఉంటదని ఆశ."

ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఎక్కడుందో కూడా తెలుసు. అక్కడికి వెళ్ళే దారే తెలియదు.

రెబెకా దవాఖానలో ఉన్నప్పుడు దుకాణం కంప్యూటర్ గురించే ఎక్కువ ఫికరు పడేది. "అది మూలుగుతాంది. నాకంటె ముందు పోయేటట్టున్నది. దాన్ని జర ఎక్కడన్న భద్రంగ పెట్టు బిడ్డా" అని కీర్తనకు చెప్పింది. కీర్తన నా బావమరిది కూతురు. హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం, హనుమకొండలో ఇంట్లో కూర్చునే చేస్తుంది. మేనత్త మాట మీద ఆ పిల్ల ఎక్కడో ఉండే కంప్యూటర్‌లో కొంత జాగా, వర్చువల్ సర్వర్ అంటారు, అద్దెకు తీసుకుని, పాత కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టు మూట కట్టి దాంట్లో పెట్టింది. వారానికే రెబెకా పోయింది. కంప్యూటర్ కూడా మాట నిలబెట్టుకుంది, నలభయ్యో రోజు ప్రార్థన నాటికి అదీ పోయింది. మూట మాత్రం అక్కడే ఉంది. ఏడాదిన్నరగా ఎవరూ విప్పలేదు.

సాయంత్రం అయిదింటికి కీర్తన వచ్చింది. లాప్‌టాప్‌ను రెబెకా బల్ల మీదే పెట్టింది. ఆ బల్ల నేను రోజూ తుడుస్తాను. తుడవడానికి దుమ్మేమీ ఉండదు.

"ఇంతకు ఆ సర్వర్ ఎక్కడున్నది బిడ్డా?" ఉప్పలయ్య అడిగాడు.

"ముంబైల కాకా."

"బొంబైల ఉంటే మేం పొద్దటికి ఎట్ల తెస్తం?"

"తెచ్చుడు లేదు. ఇక్కణ్నుంచే చూస్తం." నల్లటి కిటికీ ఒకటి తెరిచింది. తెల్లటి అక్షరాలు. "ఇగో, ఇదే సర్వర్. దీనికి తెర లేదు, మౌస్ లేదు. మనం రాసింది చదువుతది, జవాబు రాస్తది. అంతే. లోపల అత్తమ్మ కంప్యూటర్ మూట లెక్క పడి ఉన్నది. దాన్ని నడిపి చూడాల్నంటే ముందు ఈ సర్వర్‌కు ఒక తెర పెట్టాలె. ఆ తెరను మన దగ్గరికి గుంజుకోవాలె. దాన్ని రిమోట్ డెస్క్‌టాప్ అంటరు."

"ఆ మూటల కాగితాలనే గుంజుకుంటే కాదా?" అన్నాను నేను.

"కాదు మామయ్యా. అత్తమ్మ ఫోల్డర్లకు తాళం ఏసుకున్నది. ఆమె పేరు మీద లోపలికి పోతేనే తెరుచుకుంటయి. తెరుచుకున్నా ఆమె కొట్టింది పాత తెలుగు ఫాంటు. ఆ ఫాంటు, ఆ పాత సాఫ్ట్‌వేర్ ఉన్న తెర మీదనే అది తెలుగు. బయటికి తీస్తే పిచ్చి ఇంగ్లీషు."

అది నిజం. ఒకసారి రెబెకా పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పెళ్ళిపత్రికను మా ఆఫీసు కంప్యూటర్‌లో తెరిస్తే వధూవరుల పేర్లున్న చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు కనిపించాయి. ఇంటికొచ్చి చెబితే పడి పడి నవ్వింది. "తెలుగుకు గూడ పుట్టినిల్లు ఉంటది. అక్కడైతేనే మంచిగ మాట్లాడుతది" అంది.

కీర్తన ఒక్కో వాక్యం రాస్తోంది. సర్వర్ మీదికి డెస్క్‌టాప్ దిగడం మొదలైంది. నల్లటి కిటికీలో వరుసలు పైనుంచి కిందికి ఒకటే పరుగు.

"వానపడ్డట్టున్నది" అన్నాడు ఉప్పలయ్య. కాసేపు చూసి, "మా దిక్కు గూడ ఇట్ల పడితే ఈ పంచాయితే లేకపోవు" అన్నాడు.

టీ పెట్టి తెచ్చాను. ఉప్పలయ్య గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. గది చుట్టూ చూశాడు. గోడ మీద శాంపిలు పెళ్ళిపత్రికలు అలాగే ఉన్నాయి. రంగు వెలిసిన ఒక పత్రికను చూపించి, "ఇది మా పెద్దబిడ్డది" అన్నాడు. లేచి దగ్గరికి వెళ్ళి చూశాను. నిజమే, వర్ధన్నపేట పత్రికే. ఇన్నేళ్ళు ఈ గది తుడుస్తూ కూడా దాన్ని నేను చదవలేదు. ఎవరో ఒకరి పెళ్ళి మా గోడ మీద ఇంకా జరుగుతూనే ఉందన్నమాట. అది నాకెందుకో హాయిగా అనిపించింది.

రెబెకా ఈ బల్ల ముందు ఆఖరిసారి కూర్చున్నది 2023 సెప్టెంబర్ 7న. ఆ రోజు గురువారం, మర్నాడు దవాఖానలో చేర్పించాం. కుర్చీలోంచి లేస్తూ, నడుం పట్టుకుని, "ఆదివారం వర్ధన్నపేట దిక్కు పోయి రావాలె. ఒక మాట అప్పజెప్పేదున్నది" అంది. చర్చి పనేమో అనుకుని నేను అడగలేదు. ఆ ఆదివారం ఆమె ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది.

"అయింది" అంది కీర్తన. "ఇప్పుడు దారి ఏస్తున్న. సర్వర్ తలుపు లోకానికంతటికి బార్ల తెరిస్తే దొంగలు తట్టుతనే ఉంటరు. అందుకని మన ఇంటికీ దానికీ నడుమ ఒక సొరంగం. తెర దాంట్లకెల్లనే వస్తది. ఇంకెవరికీ కనబడది."

"కోట లెక్క" అన్నాడు ఉప్పలయ్య.

"కోట లెక్కనే కాకా."

కొత్త కిటికీ తెరుచుకుంది. మేం ముగ్గురం వంగి చూశాం. తెరంతా బూడిద రంగు. నడిమధ్యలో చిన్న నల్లటి ఇంటూ మార్కు. ఇంకేమీ లేదు. కీర్తన మౌస్ కదిలిస్తే ఆ గుర్తు కదిలింది.

"సిలువ కనబడుతాంది" అన్నాడు ఉప్పలయ్య, నా వైపు చూస్తూ. "మీ దేవుడే వచ్చిండా సారు?"

"మా దేవుడికి అంత తీరిక ఎక్కడిది" అన్నాను.

కీర్తన నవ్వలేదు. పెదవి కొరుకుతూ మళ్ళీ నల్లటి కిటికీలోకి వెళ్ళింది. పావుగంట వెతికింది. "తప్పు నాదే. తెర తెరవమని చెప్పిన. తెరిచినంక ఏం చూపియ్యాల్నో చెప్పలే. తలుపు తీసినోడు ఇంట్ల ఎవరు లేరని నిలబడ్డడు." ఒక ఫైలులో ఒక్క వాక్యం చేర్చింది. దాన్ని నడిపే అనుమతి ఇచ్చింది. తెర మూసి మళ్ళీ తెరిచింది.

ఈసారి నీలం రంగు వచ్చింది. కింద ఒక పట్టీ, మూలకు గడియారం. సర్వర్ ముంబైలో ఉన్నా గడియారంలో టైము మన టైము కాదు, గ్రీన్‌విచ్ టైమట. అయినా ఒక ఇల్లులా ఉంది. ఆ ఇంట్లో కీర్తన మూట విప్పింది. తెరలో ఇంకో తెర, దాంట్లో నెమ్మదిగా పాకుతున్న ఆకుపచ్చ గళ్ళు. పాత కంప్యూటర్ లేస్తోంది. అది లేచేటప్పుడు ఒక గంట మోగేది. వంటింట్లో ఉన్నా వినిపించేది, రెబెకా దుకాణం తెరిచిందని తెలిసేది. సొరంగంలోంచి శబ్దం రాదట. అయినా విన్నాను.

తెర మీద ఒక పేరు వచ్చింది, పక్కన పువ్వు బొమ్మ. పేరు కింద ఖాళీ డబ్బా. పాస్‌వర్డ్.

కీర్తన నా వైపు చూసింది. నేను కీర్తన వైపు చూశాను.

"మామయ్యా, నీకు చెప్పలేదా?"

"నాకు ఆమె ఫోన్ నంబరే నోటికి రాదు."

"దీన్ని పగలగొట్టే ఉపాయం ఉన్నది. కని పగలగొడితే తాళమేసిన ఫోల్డర్లు మల్ల జన్మల తెరుచుకోవు. ఇంకోటి. ఐదుసార్లు తప్పు కొడితే అడ్మిన్ వచ్చి తీసేదాకా బంద్ అయ్యేటట్టు పెట్టుకున్నది."

"అడ్మిన్ ఎవరు?"

"అత్తమ్మనే."

ఉప్పలయ్య గ్లాసు కింద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు.

కీర్తన రెబెకా పేరు, పుట్టిన సంవత్సరం కలిపి ఇంగ్లీషులో కొట్టింది. తప్పు. నా పేరు, మా పెళ్ళి తేదీ. తప్పు. చేతులు వెనక్కి తీసుకుంది. "ఇంక మూడే. ఇగ నేను కొట్ట మామయ్యా. ఆమె సంగతి నీకే ఎరుక."

నేను రెబెకా కుర్చీలో కూర్చున్నాను. తుడుస్తాను గానీ ఎన్నడూ కూర్చోలేదు. బల్ల సొరుగులో ఆమె పాత కీబోర్డు ఉంది, దాన్ని లాప్‌టాప్‌కు తగిలించమన్నాను. మీటల మీది ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. ఆమెకు వాటితో పని పడలేదు. ఇంగ్లీషు కొట్టాల్సి వస్తే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో పొడిచేది. ఆమె పది వేళ్ళకూ తెలిసింది తెలుగు ఒక్కటే, మేడ మీద నేర్చుకున్న టైపు మిషన్ తెలుగు.

అప్పుడు తట్టింది. రోజూ పొద్దున ఒంటి వేలితో ఇంగ్లీషు పాస్‌వర్డ్ పొడిచే మనిషి కాదు ఆమె. తెలుగు మాట ఒకటి తెలుగు వేళ్ళతోనే కొట్టి ఉంటుంది. కంప్యూటర్ దాన్ని ఏ పిచ్చి ఇంగ్లీషుగా చదువుకున్నా ఆమెకేం? డబ్బాలో కనబడేవి ఎలాగూ చుక్కలే.

నేను కూడా అదే మేడ మీద నేర్చుకున్నాను. సుబేదారి ఆఫీసులో టైపిస్టుగానే చేరాను. సూపరింటెండెంట్‌నయ్యాక వేళ్ళకు పని తగ్గింది. మీటల మీద చేతులు ఉంచి కళ్ళు మూసుకున్నాను.

ఏ మాట? రోజూ పొద్దున ఆమెకు నవ్వు తెప్పించే మాట అయి ఉండాలి.

సర్వపిండి. ఆ అక్షరాలు వేళ్ళు వాటంతట అవే కొట్టాయి. తప్పు.

"రెండు" అంది కీర్తన మెల్లగా.

నా మాట కొట్టాను. ఆమె తాళానికి ఆమె మాట పెట్టుకుంటుంది గానీ నా మాట ఎందుకు పెట్టుకుంటుంది? మళ్ళీ చేతులు ఉంచాను. టైపు మిషన్ తెలుగులో అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా కట్టాలి. గ, దాని మీద గుడి. న, తలకట్టు, కింద నావత్తు. ప, తలకట్టు, కింద పావత్తు. గిన్నప్ప.

తప్పు.

ఉప్పలయ్య లేచి నిలబడ్డాడు. "సారు, పోనియ్యుండ్రి. మీకు ఇబ్బందైతాంది. ఆమె తాళం ఆమెతోనే పోయిందనుకుంట. మా అన్న కాళ్ళు పట్టుకుంట." అని, గోడ మీది బిడ్డ పెళ్ళిపత్రిక వైపు చూశాడు. "కాళ్ళు పట్టుకుంటే ఇస్తడు. ఇయ్యడని కాదు. కని ఆ నీళ్ళతోని పండిన బువ్వ గొంతు దిగది."

"కూర్చో ఉప్పలయ్యా" అన్నాను. "ఇంకొకటి ఉన్నది."

ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. మేడ మీద వాన, చీకటి, తొమ్మిది మిషన్లు. రాజేశ్వర్ రావు సార్ వెనక నుంచి వచ్చి రెబెకా కాగితం మీదికి వంగేవారు. "ఏమమ్మా, మల్ల 'ప' నెత్తి బోడిగనే పంపినవ్? తలకట్టు ఎవరు పెడతరు, మీ అమ్మమ్మనా?" అనేవారు. రెబెకాకు అదొక్కటే తప్పు. అన్ని అక్షరాలకూ తలకట్టు పెట్టేది, 'ప' దగ్గరికి వచ్చేసరికి వేలు ఆ మీట మీది నుంచి దాటిపోయేది. దుకాణం పెట్టాక తెర మీద చూసి దిద్దుకునేది. ప్రతి కాగితంలోనూ, ప్రతిరోజూ దిద్దుకునేది. "నా వేళ్ళకు బుద్ధి రాదు, కండ్లకే వచ్చింది" అని నవ్వేది.

చుక్కల వెనక ఏ కళ్ళు దిద్దుతాయి?

ప్రార్థనంటూ ఏమీ చేయలేదు. ఆమె కొట్టినట్టు కొట్టాను. గ, గుడి. న, తలకట్టు, నావత్తు. ప. తలకట్టు దాటేశాను. పావత్తు. ఎంటర్.

డబ్బాలోని చుక్కలు మాయమయ్యాయి. తర్వాత పువ్వు బొమ్మ పక్కకు జరిగింది.

కీర్తన నా భుజం మీద తల పెట్టింది. ఏడుస్తోందని చొక్కా తడిసేదాకా తెలియలేదు. ముప్పై ఆరేళ్ళ కిందట ఒకాయన తిట్టిన తప్పు, ఆయన ఎంత తిట్టినా మానని తప్పు, ఇవాళ మమ్మల్ని లోపలికి రానిచ్చింది. సార్ ఉంటే వెళ్ళి చెప్పేవాణ్ణి. ఆ వాదనకు తీర్పు కూడా వచ్చేసినట్టే. అది గిన్నప్పే.

రెబెకా తెర మీద బొమ్మలేమీ లేవు. "బొమ్మలుంటే ఫైళ్ళు కనబడయి" అనేది. ఊళ్ళ పేర్లతో ఫోల్డర్లు, వర్ధన్నపేటలో ఉప్పలయ్య పేరుతో ఒకటి. దాంట్లో రెండు ఫైళ్ళు, ఒకటి, రెండు అని అంకెలు. కీర్తన ఒకటి తెరిచింది. పాత సాఫ్ట్‌వేర్ తీరిగ్గా లేచింది. మరుక్షణం తెలుగు. గుండ్రంగా, నల్లగా, ప్రతి 'ప' నెత్తి మీద తలకట్టుతో.

నేను పైకి చదివాను. తూర్పు హద్దు, పడమర హద్దు, మోటారు ఖర్చు చెరిసగం. ఉప్పలయ్య కళ్ళు నేల మీద పెట్టి వింటున్నాడు. అయిదో పేరా దగ్గర ఆగి, ముందు నాలో నేను చదువుకున్నాను. తర్వాత పైకి చదివాను.

"'సదరు బావి ఉన్నంత కాలము, రోజు మార్చి రోజు, ఇరువురును మరియు వారి వారసులును నీరు పెట్టుకొనవలెను.'"

"బాయి అని ఉన్నదా సారు?"

"బావి అనే ఉన్నది."

"ఇంకోపారి చదువుండ్రి."

మళ్ళీ చదివాను. ఆయన తల ఊపాడు. సంతోషం కనిపిస్తుందనుకున్నాను. కానీ నుదురు ముడి పడింది. "మా అన్న అబద్ధమాడే మనిషి కాదు సారు. కోపం మనిషి, అబద్ధాల మనిషి కాదు. మరి అమ్మ ఉన్నన్ని రోజులు అన్న మాట ఆయనకు యాణ్నుంచి వచ్చినట్టు?"

కీర్తన తెర మీది పేజీని బొమ్మగా తీసి మా ప్రింటర్‌లో అచ్చు వేసింది. వెచ్చటి కాగితాన్ని ఉప్పలయ్య రెండు చేతులతో అందుకుని, మడత పెట్టకుండా, నేనిచ్చిన ప్లాస్టిక్ ఫైలులో పెట్టుకున్నాడు. ఈలోగా కీర్తన, ఇదీ దానికి సంబంధించిందేమో అనుకుని రెండో ఫైలు తెరిచింది.

పై వరుస పెద్ద అక్షరాల్లో ఉంది. నేను చదవకముందే ఉప్పలయ్య వేలు తెర మీదికి వచ్చింది. ఆయన రాత్రి బడిలో నేర్చుకున్న మనిషి. ఒక్కో అక్షరం మీద వేలు నిలిపి, కూడబలుక్కుంటూ చదివాడు.

"ఇది... కట్టయ్య... నోటి మాట. నేను... పోయే దాక... నా తమ్ముడు... ఉప్పలయ్యకు... చూపించ... వద్దు."

కీర్తన చెయ్యి మౌస్ మీద అలాగే ఆగిపోయింది. కింద ఇంకా రాత ఉంది. పేజీ నిండా ఉంది.

"కిందికి జరుపనా కాకా?"

ఉప్పలయ్య తెర మీది నుంచి వేలు వెనక్కి తీసుకున్నాడు. అంత దగ్గర్లో ఉంది, చదవడం వచ్చు, అతని బతుకు సంగతే అది. అతని జాగాలో నేనుంటే చదివేవాణ్ణి.

"వద్దు బిడ్డా. మూసెయ్యి. మా అన్న ఇంక బతికే ఉన్నడు." తువ్వాల భుజాన వేసుకున్నాడు. "రేపు ఈ కాగితం ముందట పెడత. బాయి మాట తేలినంక, నీ నోటి మాట ఏందే అన్నా అని మొకం మీదనే అడుగుత. చెప్తే వింట. లేకుంటే లేదు."

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "రెబెకమ్మ ఈ మాట కడుపుల పెట్టుకున్నది సూడుండ్రి. అప్పుడప్పుడు నేనస్తే చాయ పోసేది. ఒక్కనాడు గూడ మొకంల చూపియ్యలే" అన్నాడు. ఏడున్నర బస్సు కోసం మెయిన్‌రోడ్డు వైపు నడిచాడు, ఫైలును గుండెకు ఆనించుకుని.

నేను గ్లాసులు తీశాను. కీర్తన పాత తెర మీది కిటికీలను ఒక్కొక్కటిగా మూస్తోంది.

"సర్వర్ ఆపనా మామయ్యా?"

"వద్దు. ఉండనీ."

"మామయ్యా, ఒకసారి ఇటు రా." గొంతు మారింది. "నేను చదువలే. ఫైలు మూసే ముందు తేదీ చూసిన, అంతే. కట్టయ్య పెదనాన్నది 2013ల మొదలుపెట్టిన ఫైలు. కని ఆఖరుసారి మార్చింది అప్పుడు కాదు."

వంగి చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. 2023 సెప్టెంబర్ 7. సాయంత్రం 6:40.

నడుం పట్టుకుని కుర్చీలోంచి లేచిన సాయంత్రం అది. ఒక మాట అప్పజెప్పేదున్నది అన్న సాయంత్రం. అప్పజెప్పాల్సింది చర్చి వాళ్ళకు కాదు, ఆ అన్నదమ్ముల్లో ఎవరికో. ఆ మాటలో ఆమె ఆ రోజు తన చేత్తో ఏదో చేర్చింది, లేదా ఏదో తీసేసింది. రేపు తొమ్మిదింటికి ఉప్పలయ్య అన్న ముందు నిలబడి, దాంట్లో ఏముందో తెలియకుండానే దాని గురించి అడగబోతున్నాడు.

"మామయ్యా, చదువుదామా?"

మౌస్ మీది నుంచి కీర్తన చెయ్యి తీయించాను. ఉప్పలయ్య వద్దన్నాడు. రెబెకా మాత్రం ఎవరి కోసం ఆ రోజు నొప్పితో కూర్చుని ఆ మీటలు కొట్టిందో?

ఆ ఫైలు తెరవకుండానే కీర్తనతో బయటికి వచ్చాను. దుకాణం తలుపు కింద నేలకు రాసుకుంటుంది. గట్టిగా లాగితే వీధంతా వినబడేలా కీచుమంటుంది. రెబెకా పిడి పట్టుకుని కొంచెం పైకెత్తి, చప్పుడు లేకుండా దగ్గరికి తెచ్చేది. ఆమె లాగే పైకెత్తాను. బల్ల మీద తెర వెలుగుతూనే ఉంది. మెల్లగా తలుపు మూశాను.